పిల్లలెవరూ లేరా?

మా మేనత్తకి 81 ఏళ్లప్పుడు బాత్రూంలో కాలు జారి తుంటి ఎముక విరిగింది. రాత్రి పదకొండు గంటలకి పడితే పొద్దున ఏడింటి దాకా ఆ తడి నేల మీదే ఉంది. రోజూ ఆరున్నరకల్లా ఆవిడ కిటికీ తెరుచుకుంటుంది. ఆరోజు ఏడైనా తెరుచుకోకపోయేసరికి పక్కింటావిడ తలుపు కొట్టి, జవాబు రాకపోతే తన దగ్గరున్న రెండో తాళంచెవితో లోపలికి వెళ్లింది. లోపల గడియ వేసుకోకూడదని వాళ్లిద్దరూ అంతకుముందే ఒక మాట అనుకున్నారు, అందుకే తలుపు పగలగొట్టాల్సిన అవసరం రాలేదు.

నేను ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కౌంటర్లో ఒక అమ్మాయి ఫారం నింపుతూ, మీరు పేషెంటుకి ఏమవుతారు అని అడిగింది. మేనకోడల్ని అన్నాను. "పిల్లలెవరూ లేరా?" లేరన్నాను. "మరి సంతకం ఎవరు పెడతారు?" అంది. అత్త అక్కడే స్ట్రెచర్ మీద ఉంది, అన్నీ వింటోంది. "నా సంతకం నేను పెడతానమ్మా, నాకు స్పృహ ఉంది" అంది. ఆ అమ్మాయి తల ఊపింది కానీ పెన్ను నా చేతికే ఇచ్చింది.

సాయంత్రం చూడటానికొచ్చిన చుట్టాల్లో ఒకాయన గదిలోనే, మంచం పక్కనే నిలబడి, నాతో అన్నాడు: "అందుకే అనేది, ఒక్కరైనా ఉండాలని. పిల్లలున్నవాళ్లు రెండేళ్లు ఎక్కువ బతుకుతారట, స్వీడన్ వాళ్లు లెక్క తేల్చారు." అత్త కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోవట్లేదని నాకు తెలుసు, ఎందుకంటే అప్పటిదాకా దుప్పటి అంచుని మడతపెడుతూ విప్పుతూ ఉన్న వేళ్లు ఆ మాట దగ్గర ఆగిపోయాయి.

ఆ వేళ్లు నాకు చాలా రోజులు గుర్తొచ్చాయి. ఆయన చెడ్డవాడు కాదు, ఆవిడ మీద ప్రేమ లేక అన్న మాటా కాదు. కానీ ఒక మనిషి కష్టంలో పడి ఉన్నప్పుడు, నువ్వు నలభై ఏళ్ల క్రితం చెయ్యని పని వల్లే నీకు ఇది, దాని వల్లే నీ ఆయుష్షు తక్కువ అని చెప్పడానికి ఒక లెక్కని వాడటం నాకు భరించలేనట్టు అనిపించింది. అందుకని ఆ లెక్క ఏమిటో నేనే వెతికి చదివాను. తర్వాత అలాంటివి ఇంకొన్ని చదివాను. నాకు ఒక కూతురుంది, కాబట్టి ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి రాస్తున్నది కాదు. ఆ లెక్క చెప్పే విషయం ఒకటి, మనం దానితో చేసే పని ఇంకొకటి అని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ రెండేళ్ల సంగతి. అది అబద్ధం కాదు. కరిన్ మోడిగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం అది. 1911 నుంచి 1925 మధ్య పుట్టి స్వీడన్‌లో ఉన్నవాళ్లని తీసుకున్నారు. మగవాళ్లు 7 లక్షల 4 వేలకి పైన, ఆడవాళ్లు 7 లక్షల 25 వేలకి పైన. వాళ్లకి 60 ఏళ్లు వచ్చిన దగ్గర్నుంచి ఎవరు ఎప్పుడు పోయారో ప్రభుత్వ రికార్డుల్లో చూస్తూ వెళ్లారు. 60 ఏళ్ల దగ్గర, పిల్లలున్న మగవాళ్లకి లేనివాళ్లకంటే దాదాపు 2 ఏళ్లు, ఆడవాళ్లకి దాదాపు ఏడాదిన్నర ఎక్కువ ఆయుష్షు మిగిలి ఉంది. 80 ఏళ్లకి వచ్చేసరికి పిల్లలున్న మగవాళ్లకి సగటున ఇంకా 7.7 ఏళ్లు, లేనివాళ్లకి 7.0. ఆడవాళ్లకి 9.5, 8.9. అంటే అత్త వయసులో తేడా ఏడెనిమిది నెలలు. రెండేళ్లు కాదు. లెక్క చెప్పేటప్పుడు వయసు కూడా చెప్పాలి కదా.

ఇందులోనే ఇంకో అంకె ఉంది, నాకు అసలు కథ అక్కడ మొదలైనట్టు అనిపించింది. 60 ఏళ్ల మగవాళ్లని పదివేల మందిని తీసుకుంటే, పిల్లలు లేనివాళ్లలో ఆ ఏడాది పోయేవాళ్లు పిల్లలున్నవాళ్లకంటే ఓ ఆరుగురు ఎక్కువ. 90 ఏళ్లవాళ్లలో అదే లెక్క వేస్తే 147 మంది ఎక్కువ. 90లో అందరికీ ముప్పు ఎక్కువే కాబట్టి తేడా కూడా కొంత దానితోపాటే పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి. అయినా ఆలోచించండి. పిల్లల్ని కనడం వల్ల శరీరంలో ఏదో మంచి జరిగిపోయి ఆయుష్షు పెరిగిందనుకుంటే అది వయసులో ఉన్నప్పుడో, నడివయసులోనో కనపడాలి. 60లో దాదాపు లేనట్టే ఉన్న తేడా 90లో అంతగా తేలుతోందంటే, అది మనిషికి ఇంకో మనిషి అవసరం పడే వయసులో పనిచేసే విషయం అయి ఉండాలి. పరిశోధకులు కూడా ఇటువైపే మొగ్గారు. పెళ్లి లేని మగవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువగా ఉంది. భార్య ఉన్నవాడికి పిల్లలు లేకపోయినా ఇంట్లో ఒకరున్నారు. భార్యా లేక పిల్లలూ లేనివాడికి ఎవరూ లేరు. ఇంకో మాట, కూతురైతే చూసుకుంటుంది, కొడుకైతే చూసుకోడు అని మనం అనుకుంటూ ఉంటాం కదా, కూతురున్నా కొడుకున్నా అక్కడ లెక్కలో తేడా రాలేదు.

సరే, ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పిల్లలున్నందుకు ఎక్కువ బతికారా, లేక ఎక్కువ బతికే ఆరోగ్యం, స్థితి ఉన్నవాళ్లకే పిల్లలు కలిగారా? చిన్నప్పుడే పెద్ద జబ్బు చేసినవాళ్లు, ఆదాయం నిలకడగా లేనివాళ్లు, తాగుడుకి బానిసైనవాళ్లు, మనసు బాగాలేక పెళ్లి దాకా రాలేనివాళ్లు, వీళ్లంతా పిల్లలు లేనివాళ్ల లెక్కలోకే వస్తారు. వాళ్లు ముందు పోతే ఆ తప్పు పిల్లలు లేకపోవడం మీద వెయ్యడం ఎంతవరకు న్యాయం? ఎక్కడ చూసినా ఈ చిక్కుంది. స్వీడన్ వాళ్లు చదువు లాంటి విషయాలు లెక్కలోకి తీసుకున్నారు, కానీ మనిషి జీవితం మొత్తాన్ని ఏ పట్టికలోనూ పెట్టలేం.

దీన్ని దాటడానికి డెన్మార్క్ వాళ్లు ఒక దారి పట్టారు. పిల్లలు కావాలని ఐవీఎఫ్ చికిత్సకి వచ్చిన జంటల్నే తీసుకున్నారు. అందరికీ పిల్లలు కావాలి, కొందరికి కలిగారు, కొందరికి కలగలేదు, కొందరు పెంచుకున్నారు. 1994 నుంచి 2005 వరకు అలాంటి 21,276 జంటలు. 2013లో వచ్చిన ఫలితం ఏమిటంటే, బిడ్డని కన్న ఆడవాళ్లలో మరణాల రేటు, బిడ్డ కలగని ఆడవాళ్లలో ఉన్నదానిలో నాలుగో వంతు. మగవాళ్లలో దాదాపు సగం. ఈ నాలుగో వంతు అనే మాట పట్టుకుని చాలామంది పెద్ద పెద్ద శీర్షికలు పెట్టారు. కానీ మొత్తం అధ్యయనంలో పోయింది 96 మంది ఆడవాళ్లు, 220 మంది మగవాళ్లు. వాళ్లంతా వయసులో ఉన్నవాళ్లు, అది వృద్ధాప్యం గురించిన లెక్కే కాదు. పైగా చికిత్స మధ్యలో క్యాన్సరో ఇంకోటో బయటపడినావిడ చికిత్స ఆపేస్తుంది, పిల్లలు కలగరు, ఆ జబ్బుతోనే పోతుంది. అక్కడ ప్రాణం తీసింది జబ్బు. అందుకని ఆ నాలుగో వంతుని నేను అంతగా నమ్మను. నాకు పట్టింది ఇంకో సంగతి. మగవాళ్లలో సొంత బిడ్డ ఉన్నా, పెంచుకున్న బిడ్డ ఉన్నా మరణాల రేటు దాదాపు ఒకేలా, సగానికి తగ్గింది. రక్తం కలవకపోయినా తండ్రికి కలిగే మేలు తగ్గలేదు.

తల్లి శరీరం సంగతి మాత్రం వేరే. దాన్ని తేలిగ్గా దాటేయకూడదు, ఎందుకంటే ఆయుష్షు గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయేది దాన్నే.

1713లో బెర్నార్డినో రమజ్జినీ అనే ఇటలీ వైద్యుడు, పెళ్లి లేకుండా మఠాల్లో ఉండే సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ మామూలుకంటే ఎక్కువగా ఉందని రాశాడు. కారణం ఆయనకి సరిగ్గా తెలియదు, కానీ చూసింది నిజం. 2002లో 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఒక్కో కాన్పుకి రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి 4.3 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. అండాశయం, గర్భాశయం క్యాన్సర్లలోనూ కాన్పుల వల్ల కొంత రక్షణ ఉంది. ఇది శరీరానికి కలిగే లాభం, కాదనలేం.

కానీ ఇంకోవైపు చూడండి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి ముందుముందు గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. అప్పుడు షుగర్ వచ్చినవాళ్లకి తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో 821 మంది యువతుల రక్తం పరీక్షించినప్పుడు, ఒక్కో గర్భానికి కణాల వయసు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ముదిరినట్టు కనపడింది. గ్వాటెమాలాలో అక్కడి మూలవాసులైన మాయా జాతి స్త్రీల మీద చేసిన అధ్యయనంలో దీనికి సరిగ్గా ఎదురు వచ్చింది, బతికిన పిల్లలు ఎక్కువున్న తల్లుల్లోనే కణాల అరుగుదల తక్కువ. ఆ పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఒకటి, అక్కడ బాలింతకి చుట్టుపక్కలవాళ్ల తోడు ఎక్కువ కావడం. అదొక్కటే కారణమని తేలలేదు, గ్వాటెమాలాలో చూసింది వంద మందికి లోపే. కానీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మేం ముగ్గురం, ఐదేళ్లలో పుట్టాం. ఎవరూ సాయం లేరు.

దగ్గరదగ్గర కాన్పుల గురించి కూడా లెక్కలున్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆడవాళ్ల రికార్డులు చూసిన పరిశోధకులు, అసలు పిల్లలు లేనివాళ్లలోనూ, ఐదుగురు అంతకంటే ఎక్కువమంది ఉన్నవాళ్లలోనూ మరణాలు ఎక్కువని, ఇరవై దాటకుండానే తల్లులైనవాళ్లలోనూ, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కూడా ఎడం లేనివాళ్లలోనూ అంతేనని చూపించారు. పోలండ్‌లో పల్లెటూళ్ల చర్చి రికార్డులు తిరగేసినవాళ్లకి ఇంకా కఠినమైన విషయం కనపడింది. పాతకాలంలో ఒక్కో బిడ్డ, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, తల్లి ఆయుష్షులో 95 వారాలు తగ్గించింది. తండ్రికి కొడుకుల వల్ల తేడా లేదు, ఒక్కో కూతురికి 74 వారాలు పెరిగింది. బిడ్డని మోసిందీ, పాలిచ్చిందీ, పగలంతా పొలం పనీ రాత్రంతా ఇంటిపనీ చేసిందీ ఆవిడ. కూతుళ్లు ఎదిగొచ్చి ఇంటి బరువు పంచుకుంటే సుఖపడింది ఆయన. ఇందులో నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, దుఃఖం వేసింది. పిల్లల్ని కంటే ఎక్కువ బతుకుతారు అని ఆడవాళ్లకి చెప్పేవాళ్లు ఈ 95 వారాల సంగతి కూడా చెప్పాలి.

శరీరం దగ్గర ఉన్న శక్తి అంతా ఒకటే మూట, అందులోంచి సంతానానికి ఎంత ఖర్చుపెడితే తన మరమ్మతుకి అంత తగ్గుతుంది అనే ఆలోచన ఒకటుంది, 1977లో టామ్ కిర్క్‌వుడ్ చెప్పాడు. ఆయనే 1998లో ఇంకొకరితో కలిసి, బ్రిటిష్ ప్రభువంశాల వంశవృక్షాలు తిరగేసి, 80 దాటి బతికిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి పిల్లలే లేరని చూపించాడు. తర్వాత ఆ వంశవృక్షాల్లో ఆడపిల్లల పేర్లు, చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లు చాలా చోట్ల రాయనేలేదని విమర్శలు వచ్చాయి. రాయని బిడ్డ లెక్కలోకి రాదు, తల్లి గొడ్రాలిగా మిగిలిపోతుంది. కొరియా రాజాంతఃపురంలో పనిచేసిన నపుంసకుల, అంటే వృషణాలు పోయి పిల్లలు కలగని మగవాళ్ల, రికార్డుల్లో 81 మంది వివరాలు దొరికితే, వాళ్ల సగటు ఆయుష్షు 70 ఏళ్లు, అదే స్థాయి మగవాళ్లకంటే కనీసం 14 ఏళ్లు ఎక్కువ. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో వందేళ్లు బతికిన ఆడవాళ్లని చూస్తే, 73 ఏళ్లకి పోయినవాళ్లతో పోలిస్తే వాళ్లలో నలభై దాటాక బిడ్డని కన్నవాళ్లు నాలుగు రెట్లు ఎక్కువ. అంటే ఆలస్యంగా కనమని కాదు, నలభైల్లో గర్భం నిలిచే శరీరం నెమ్మదిగా ముదురుతోందని గుర్తు, అంతే. ఇలా ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే లెక్కలు ఎన్నైనా ఉన్నాయి. శరీరం వైపునుంచి వెతికితే కనడం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది, ఏది ఎక్కువ అన్నది ఏ కాలంలో, ఎలాంటి పరిస్థితుల్లో కన్నారన్నదాని మీద ఉంటుంది.

కానీ తండ్రి ఏమీ మోయలేదు కదా. పాలివ్వలేదు, ఆయన శరీరంలో ఏ కాన్పూ జరగలేదు. మరి స్వీడన్‌లో ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ తేడా ఎందుకొచ్చింది? పెంచుకున్న బిడ్డ తండ్రికీ అదే మేలు ఎందుకు కనపడింది? నేను ఎటు తిప్పి చూసినా ఈ ప్రశ్నకి జవాబు శరీరంలో దొరకలేదు. ఇంట్లో దొరికింది.

అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉండేవాడు. ముగ్గురం రోజూ ఎవరో ఒకరం ఫోన్ చేసేవాళ్లం. "బాగానే ఉన్నానమ్మా" అనేవాడు, గొంతు కూడా బాగానే ఉండేది. ఒక గురువారం సాయంత్రం చెప్పకుండా వెళ్లాను. బల్ల మీద మాత్రల డబ్బా ఉంది, వారానికి ఏడు గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా, ప్రతి గడిలో పొద్దునకీ రాత్రికీ రెండు అరలు. మూత తీస్తే సోమవారం నిండుగా ఉంది, మంగళవారం నిండుగా ఉంది, బుధవారం పొద్దున అర ఒక్కటే ఖాళీ. బీపీ మాత్ర తెల్లగా, గుండ్రంగా, నాలుగు రోజులుగా అక్కడే. అడిగితే కళ్లు సరిగ్గా కనపడక ఏ రోజో తెలియట్లేదని చెప్పాడు. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, మీకెందుకు టెన్షన్ అన్నాడు. బీపీ చూపిస్తే 190 ఉంది. కంటి పరీక్ష చేయించి, శుక్లాల ఆపరేషన్ చేయించి, గళ్ల మీద పెద్ద అక్షరాలతో వారాల పేర్లు అంటించాం. నాన్న ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు.

ఆయన ఆయుష్షు పెరిగింది నేను పుట్టినందుకా? ఆ గురువారం ఎవరో ఒకరు ఆ డబ్బా మూత తీసినందుకు. ఆ మూత తీసింది కూతురు కావడం మా ఇంట్లో జరిగిన సంగతి, అంతవరకే. మేం ముగ్గురం పిల్లలం ఉండి కూడా, రోజూ ఫోన్ చేస్తూ కూడా, ఆ డబ్బా నాలుగు రోజులు దాదాపు నిండుగానే ఉంది కదా. నేను ఆ వారం వెళ్లకపోయి ఉంటే స్వీడన్ లెక్కలో నాన్న పిల్లలున్నవాళ్ల వరుసలోనే పోయి ఉండేవాడు.

పిల్లలు చేసే మేలులో చాలా భాగం ఇలాంటిదేనని నా నమ్మకం. చెప్పని విషయం కనిపెట్టడం, డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లడం, అక్కడ డాక్టర్ చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగడం, ఈ మందు వేసుకున్నాక కాళ్లు వాస్తున్నాయి అని గుర్తుపెట్టుకుని చెప్పడం. అందుకేనేమో స్వీడన్‌లోనూ అమెరికాలోనూ పిల్లల చదువుకీ తల్లిదండ్రుల ఆయుష్షుకీ సంబంధం కనపడింది, బాగా చదువుకున్న పిల్లలున్నవాళ్లు, తమ సొంత చదువు, ఆదాయం లెక్కలోకి తీసుకున్నా కూడా, కాస్త ఎక్కువ కాలం ఉంటున్నారు. కనడం అందరికీ ఒకటే, కానీ ఆసుపత్రిలో గట్టిగా అడగగలిగినవాళ్లు పక్కనుండటం వేరు.

ఇది సగమే. రెండో సగం ఇంకా ముఖ్యమైంది, మనం దాన్ని అసలు పట్టించుకోం. పెద్దవాళ్లకి సాయం అందడం ఒక్కటే కాదు, వాళ్ల సాయం ఇంకొకరికి అవసరం కావడం కూడా వాళ్లని నిలబెడుతుంది. బెర్లిన్‌లో 70 నుంచి 103 ఏళ్ల మధ్య వయసున్న ఐదొందల మందికి పైగా వృద్ధుల్ని 1990 నుంచి ఏళ్ల తరబడి కలుస్తూ, పరీక్షలు చేస్తూ ఒక అధ్యయనం నడిచింది. ఆ వివరాలతో 2017లో వచ్చిన పరిశోధనలో, మనవల్ని అప్పుడప్పుడూ చూసుకునే తాతలు, అమ్మమ్మలు, నానమ్మల్లో సగం మంది మొదటిసారి మాట్లాడిన పదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారు. మనవలు లేకపోయినా తమ పిల్లలకి ఏదో ఒక పనిలో సాయపడేవాళ్లలోనూ అంతే. ఎవరికీ ఏ సాయమూ చెయ్యనివాళ్లలో సగం మంది ఐదేళ్లలోపే పోయారు. ఓపిక ఉన్నవాళ్లే సాయం చెయ్యగలరు కదా అంటారు, నిజమే, వాళ్లు ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు, అయినా తేడా మిగిలింది. మనవల్ని పూర్తిగా పెంచే బాధ్యత మీద పడ్డవాళ్లని వాళ్లు ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే అది వేరే బరువు, దాని ఒత్తిడి వేరే.

అందులో నన్ను కుదిపేసిన వాక్యం పిల్లలు లేనివాళ్ల గురించి. పిల్లలు లేకపోయినా స్నేహితులకో ఇరుగుపొరుగుకో సాయపడే వృద్ధుల్లో సగం మంది ఏడేళ్ల తర్వాత కూడా ఉన్నారు. అలా ఎవరికీ సాయపడనివాళ్లలో సగం మంది నాలుగేళ్లకే పోయారు. ఏడుకీ నాలుగుకీ మధ్య మూడేళ్లున్నాయి. స్వీడన్ లెక్కలో పిల్లలుండటానికీ లేకపోవడానికీ మధ్య ఉన్నది, 60 ఏళ్ల దగ్గర కూడా, రెండేళ్లే. రెండూ వేరు వేరు అధ్యయనాలు, తూకం వేసినట్టు పక్కపక్కన పెట్టకూడదని తెలుసు. అయినా ఆ చుట్టం గదిలో నిలబడి రెండేళ్ల సంగతి చెప్పినప్పుడు ఈ మూడేళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

ఇది బెర్లిన్‌లోని ఐదొందల మంది సంగతే కాదు. 2010లో 148 అధ్యయనాల్ని, 3 లక్షల 8 వేల పైచిలుకు మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటుంది. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం, లేనివాళ్లకంటే 50 శాతం ఎక్కువ. అందులో లెక్కపెట్టింది కన్నపిల్లల్ని కాదు, మనుషుల్ని.

పిల్లల్ని ముసలితనానికి బీమాగా చూపించేవాళ్లు చెప్పని విషయం ఇంకొకటుంది. బిడ్డ పోతే? 2003లో డెన్మార్క్‌లో బిడ్డని పోగొట్టుకున్న 21 వేల మందికి పైగా తల్లిదండ్రుల్ని గమనించిన అధ్యయనం వచ్చింది. ఆ తల్లుల్లో మరణాల రేటు మిగతా తల్లులకంటే 40 శాతానికి పైగా ఎక్కువ. మొదటి మూడేళ్లలో ప్రమాదాల వల్ల, ఆత్మహత్యల వల్ల పోయినవాళ్లు దాదాపు నాలుగు రెట్లు. మనసు అంతగా ముడిపడిపోయినచోట అది తెగితే ప్రాణమే పోతుంది. ఈ బంధాన్ని బీమా అనడానికి నాకు నోరు రాదు. నా కూతుర్ని నేను కన్నది నా 85వ ఏట నా మాత్రల డబ్బా చూడటానికి కాదు. చూస్తే సంతోషిస్తాను. చూడలేకపోతే, దాని బతుకు దానికి అడ్డొస్తే, ఇంకెవరో చూసేలా నేను ఇప్పట్నుంచే మనుషుల్ని సంపాదించుకోవాలి.

అందుకే పిల్లలు లేనివాళ్లని చూసి జాలిపడటం మానేసి, వాళ్ల చుట్టూ ఎవరున్నారో చూడమంటాను. పిల్లలున్నవాళ్లని చూసి వీళ్లకేం లోటు అనుకోవడం కూడా మానమంటాను. ముఖ్యంగా ఒంటరిగా ఉండే మగవాళ్లని. ఆడవాళ్లు ఏదో ఒక రకంగా నలుగురితో మాటలు కలుపుకుంటారు. భార్య పోయిన, లేదా అసలు పెళ్లే కాని మగవాడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోతాడు, ఆ నాలుగు రోజుల్లో ఏమైందో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి ఫారంలో పిల్లల పేర్లు అడిగే చోట, మీకు ఏమైనా అయితే మొదట తెలిసేది ఎవరికి అని అడగొచ్చు కదా. తనకి తోడుగా ఎవరుండాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి తానే రాసిచ్చుకునే వీలు చాలా దేశాల్లో చట్టంలోనే ఉంది, అయినా కౌంటర్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ కొడుకు, కూతురు అనే మాటలే. 81 ఏళ్ల మనిషి స్పృహలో ఉండి నేను సంతకం పెడతానంటే ఆ పెన్ను ఆవిడ చేతికే ఇవ్వాలి. ఆరోజు నేను దాన్ని తీసుకుని అత్తకి ఇచ్చి ఉండాల్సింది. తొందరలో నేనే పెట్టేశాను, ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

ఆపరేషన్ అయ్యాక అత్త మూడు నెలలు మా ఇంట్లో ఉంది. ఇక్కడే ఉండిపోమ్మని నేను గట్టిగానే అడిగాను. "అక్కడ పాప లెక్కలు ఆగిపోతాయే" అంది. పాప అంటే పక్కింటావిడ కూతురు, తొమ్మిదో తరగతి. అత్త ముప్పై ఏళ్లకి పైగా లెక్కల టీచరు. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం పుస్తకాలు పట్టుకుని వచ్చేది, ఒక్కో రోజు ఒక్క లెక్క కూడా చెయ్యకుండా కబుర్లు చెప్పి వెళ్లేది. ఈ మూడు నెలలూ ఫోన్లో వీడియో పెట్టుకుని చెప్పింది. కెమెరా ముందు కాగితం పెట్టి, "ఇదిగో, ఇక్కడ గుర్తు మార్చడం మర్చిపోయావు చూడు" అంటుంటే, మందులు వేసుకునేటప్పుడు వినపడని గొంతు పక్కగదిలోకి వినపడేది. వాకర్ పట్టుకుని నడవడం కూడా ఆ పిల్ల చూస్తోందనే గట్టిగా మొదలుపెట్టింది. ఇవాళ ఎన్ని అడుగులు మామ్మా అని అది అడిగేది, అత్త లెక్క చెప్పేది, తప్పు చెప్పేది కాదు.

అత్త తన ఇంటికి తిరిగెళ్లిన ఏడాదికి మళ్లీ చెకప్‌కి తీసుకెళ్లాను. ఈసారి ఇంకో చోట, ఇంకో ఫారం. నేను పెన్ను తీసుకోకుండా పక్కన కూర్చున్నాను. అత్త కళ్లజోడు సరిచేసుకుని తన పేరు, వయసు, మందుల పేర్లు అన్నీ వరసగా రాసింది. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట మొదట పక్కింటావిడ పేరు, ఫోన్ నంబరు, తర్వాత నా పేరు రాసింది. నా పేరు పక్కన, సంబంధం అన్న గడిలో మేనకోడలు అని వేసింది. పక్కింటావిడ గడి దగ్గర కాసేపు పెన్ను ఆపి ఆలోచించింది. తర్వాత ఆ చిన్న గడిలో పట్టేలా అక్షరాలు దగ్గరదగ్గరగా పెట్టి రాసింది, "తాళంచెవి ఈవిడ దగ్గర ఉంటుంది".